ఉప్పు పడితేనే లేస్తాం

సుజిమురా చిహో కష్టపడి సాధించిన మొదటి విజయం చావడం. మా పేటలో పుట్టి పెరిగినవాళ్ళెవరూ ఈ మాటకు నవ్వరు. సినిమా స్టూడియోల చుట్టూ పెరిగిన మా ఉజుమాసాలో కొందరు సోయా గింజలు రుబ్బి బతుకుతారు, కొందరు విగ్గులు దువ్వి బతుకుతారు, మాలాంటివాళ్ళం చచ్చి బతుకుతాం. కత్తిసాము సినిమాల్లో హీరో కత్తి తిప్పినప్పుడల్లా పడిపోయేవాళ్ళం మేం. మా పేర్లు తెరమీద రావు. మొహాలు కూడా సరిగ్గా కనిపించవు. పడిన తీరు మాత్రం కనిపిస్తుంది. హీరో వీరుడని జనం నమ్మేది అతని కత్తిని చూసి కాదు, మా వెన్ను విరిగిన తీరు చూసి.

పేట సంఘంవాళ్ళు ఇంటింటికీ తిప్పే ఈ పత్రికలో చిహో గురించి నాలుగు మాటలు రాయమని నన్నడిగారు. కొండపల్లెలో ఎనిమిదో తరగతితో బడి మానేసిన నాకంటే చదువుకున్నవాడు ఎవడూ దొరకలేదా అన్నాను. దొరికారట గాని వాళ్ళలో ఎవరూ ఇంతవరకూ చావలేదట. అయితే నేనే తగినవాణ్ణి. గుర్రం కాళ్ళకింద చచ్చాను, గుడి మెట్లమీద చచ్చాను, ఒక సినిమాలో పొద్దున దొంగగా చచ్చి, మధ్యాహ్నం ఆ దొంగను పట్టుకోవడానికి వచ్చిన భటుడిగా చచ్చాను. ఇదంతా చెప్పుకోవడానికి సిగ్గెందుకు. కాని నా చేతులమీదుగా తయారైనవాళ్ళలో నన్ను మించింది చిహో ఒక్కతే.

ట్రాము పట్టాల పక్కన, సోయాపాలు విరిచి టోఫూ చేసే సుజిమురావారి కొట్టు మీ అందరికీ తెలుసు. చిన్నప్పుడు చిహో, మేం పడటం సాధన చేసే తాలింఖానాకు టోఫూ గిన్నె తెచ్చేది. గిన్నె ఇచ్చి వెళ్ళేది కాదు. గుమ్మం దగ్గర నిలబడి మేం పడటం చూస్తూ ఉండేది.

"ఏమ్మా, ఇంకా పోలేదూ?" అనేవాణ్ణి.

"ఖాళీ గిన్నె కోసం ఆగానండి."

"గిన్నె నీ చేతిలోనే ఉంది గదా."

గిన్నె వైపు చూసుకుని, మళ్ళీ మావైపే చూసేది.

పెద్దయ్యాక, తననూ చేర్చుకోమని అడిగింది. అప్పట్లో మాలో అందరికంటే బాగా చచ్చేవాడు జూరో. అతనే అడ్డం పడ్డాడు. "ఆడపిల్ల పడితే జనం అయ్యో అంటారు. మనక్కావాల్సింది అయ్యో కాదమ్మా, ఆహా" అన్నాడు. చిహో వెళ్ళి, కొట్టు వెనక తడి గచ్చుమీద వెల్లకిలా పడటం నేర్చుకుంది. వాళ్ళమ్మ ఫుమి నా దగ్గరకొచ్చి, "మా పిల్ల వీపు చూశారా? టోఫూమీద అచ్చు గుద్దినట్టు ఎక్కడ చూసినా మచ్చలే. చేర్చుకుంటారా, నన్నే నేర్పమంటారా?" అని నిలదీసింది. చేర్చుకున్నాను.

మా తాలింఖానాలో నియమాలు రెండే. కత్తికి పడ్డవాడు డైరెక్టరు నోట 'కట్' అన్న మాట వినేదాకా రెప్ప కూడా కదపకూడదు. ఇంకెవరు అరిచినా, ఇల్లు కూలినా సరే. రెండోది సినిమాలకంటే పాతది. చచ్చిన వేషం వేసినవాడు, పెద్దవాడు గుప్పెడు ఉప్పు చల్లాకే బతికినవాళ్ళలో కలవాలి. ఉప్పు పడకుండా ఇంటికి పోతే చావు కూడా వెనకాలే గుమ్మం దాటుతుంది. సాధన చేసేటప్పుడు డైరెక్టరు ఉండడు గనక అక్కడ ఉప్పే 'కట్'. ఉప్పు పడితే లేస్తాం, పడకపోతే లేవం.

ఒక ఫిబ్రవరిలో హోజు నది ఒడ్డున షూటింగు. మావాళ్ళలో ఒకడికి జ్వరం వచ్చింది. చిహో ఛాతీకి గుడ్డ బిగించి, మగవాడి విగ్గు పెట్టి వరసలో చివర నిలబడింది. హీరో కత్తి తిరిగింది. ఆమె వెన్ను విల్లులా వంగి, ఒక్క క్షణం ఆ విల్లుమీదే నిలిచి, నీళ్ళలోకి పడింది. సగం మొహం నీటిలో, సగం పైన. అంతలో కెమెరా దగ్గర ఏదో గొడవొచ్చి డైరెక్టరు 'కట్' చెప్పడం మరిచాడు. నీళ్ళమీద మంచు పెంకులు తేలుతున్నాయి. అవతలున్నవాడెవడో, "చివర్న ఉన్నోడు నిజంగానే పోయాడా ఏంటి?" అన్నాడు. తీరా 'కట్' అన్నాక అందరూ లేచారు గాని ఆమె లేవలేదు. నేను నీళ్ళలోకి దిగి ఉప్పు చల్లాకే కళ్ళు తెరిచింది. పెదాలు నేరేడు పళ్ళలా ఉన్నాయి.

"ఎలా చచ్చాను గురువుగారూ?"

"పర్లేదు" అన్నాను. మావాళ్ళలో అంతకు మించిన మెప్పు లేదు.

జూరో తన దూదికోటు విప్పి ఆమెకు కప్పాడు. "ఇకనించి నా పక్కన చావు. నీళ్ళలో ఎటు తిరిగి పడాలో కూడా తెలీదు నీకు" అన్నాడు. ఆనాటినుంచి వాళ్ళిద్దరూ పక్కపక్కనే చచ్చారు. ఆమె అతణ్ణి బాబాయ్ అని పిలిచేది.

తరవాత చిహో సాధించినవి చెబుతాను, పేటవాళ్ళకు గుర్తుండాలి. కాలుతున్న పూరింటి కప్పుమీదనుంచి దూకింది. పరిగెత్తే గుర్రంమీదనుంచి వెల్లకిలా పడింది. బాణం తగిలి చెరువులో మునిగి, 'కట్' వినబడక లోపలే ఉండిపోతే, మేమే లాగాల్సి వచ్చింది. పెద్ద హీరోయిన్లు ముగ్గురు ఆమె వీపుతో దెబ్బలు తిని పేరు తెచ్చుకున్నారు. సాము వరసలు కూర్చడంలోనూ అందె వేసిన చెయ్యి అయింది. ఎవరు ఎప్పుడు ఎటు అడుగెయ్యాలో, ఏ కత్తి ఏ భుజంమీదుగా పోవాలో ఆమె చెబితే పదిమంది మధ్య గాలి కూడా దారి తప్పేది కాదు. అయినా తెరమీద ఆమె పేరు ఒక్కసారీ రాలేదు. సాము కూర్చినవారు అన్నచోట ఎప్పుడూ ఇంకెవరిదో పేరు.

కత్తిసాము సినిమాలు తగ్గాయి. తాలింఖానాలో చాపలు ఎండకు పడి ఉండేవి. మావాళ్ళు కొందరు బళ్ళదగ్గర పిల్లల్ని రోడ్డు దాటించే పనిలో కుదిరారు. అలాంటి రోజుల్లో టోక్యోనుంచి కబురాగి అనే డైరెక్టరు వచ్చాడు. జుట్టుకు ఎండుగడ్డి రంగు, నెత్తిమీద నల్లకళ్ళద్దాలు.

"సార్, నాకు జాంబీలు కావాలి" అన్నాడు.

"అదేం పిండివంట బాబూ?" అన్నాడు జూరో.

"చచ్చి లేచినవాళ్ళు సార్. కాళ్ళీడ్చుకుంటూ వచ్చే మామూలు సరుకు వద్దు. మంచులో చిక్కుకున్న కోట, అందులో చచ్చిన సైనికులు. బుర్ర కుళ్ళిపోయింది, కాని నేర్చుకున్న సాము ఒంట్లో మిగిలింది. హీరో నరుకుతాడు, వాళ్ళు లేస్తారు, మళ్ళీ నరుకుతాడు. రక్తం గొడుగులా విచ్చుకోవాలి. చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడవాలి, కళ్ళు మాత్రం తిప్పుకోలేకపోవాలి."

"ఓసారి చచ్చినోణ్ణి మళ్ళీ లేపితే హీరో కత్తికి పరువేం మిగులుద్ది?"

"అదే సార్ భయం. కత్తికి పరువు లేని లోకం."

మావాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పడటం మా విద్య. పడ్డవాడు లేవడం మా విద్యకే అప్రతిష్ఠ. అప్పుడు మూలనుంచి చిహో లేచి వచ్చి, చాపల మధ్య పడింది. కాసేపు పీనుగులా ఉంది. తరవాత ముందు నడుం లేచింది. చేతులు నేలకు ఆనలేదు. తల వెనక్కే వేలాడింది. కత్తి పట్టే చెయ్యి ఒక్కటే, పాత పనేదో గుర్తొచ్చినట్టు మెల్లగా పైకి వచ్చి భుజం దగ్గర కుదురుకుంది. మిగతా ఒళ్ళు ఆ చేతి వెంట ఈడ్చుకొచ్చింది. అప్పటికి కళ్ళు ఇంకా తెరవలేదు.

నా వేళ్ళు ఉప్పుకుండలోకి వెళ్ళాయి. కబురాగి నల్లకళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇదే" అన్నాడు.

సొమ్ము పెట్టేవాళ్ళ తరఫున వచ్చిన నెగిషి మాత్రం లొంగలేదు. చక్కటి కోటు, మెత్తటి మాట. "సినిమా అంతా చివరి మెట్లసీనుమీద ఉంది. బురుజు లోపల కొయ్యమెట్లు కడతాం. హీరో కిందనుంచి పైదాకా నరుక్కుంటూ ఎక్కుతాడు, నరికినవాళ్ళు వెనకే లేచి తరుముతారు, చివర్న మెట్లు కూలిపోతాయి. కోసి తాళ్ళతో నిలబెట్టిన మెట్లు గనక ఒక్కసారే కూలతాయి. ఒకే టేకు. అది వస్తే సాము కూర్చినవారు సుజిమురా చిహో అని తెరమీద వేస్తాం. రాకపోతే టోక్యో జట్టు దిగుతుంది, మీవాళ్ళు వెనక వరసలో గుంపుగా నిలబడతారు."

"మెట్లు మళ్ళీ కట్టొచ్చు గదండీ" అంది చిహో.

"మీకోసమా?" అన్నాడు నెగిషి నవ్వుతూ.

ఆ నవ్వు చిహో మరచిపోలేదు. ఆనాటినుంచి ఆమె అన్నం తింటూ కూడా వేళ్ళతో బల్లమీద మెట్లు ఎక్కేది. తన పేరొక్కటే అయితే ఇంత పట్టుండేది కాదేమో. మావాళ్ళందరి పనీ ఆ ఒక్క టేకుమీద వేలాడుతోంది.

సాధన మొదలైంది. నా మోకాళ్ళు పడటానికి ఒప్పుకుంటాయి గాని లేవడానికి ఒప్పుకోవు. అందుకని నాకు జాంబీ వేషం దక్కలేదు, మెట్ల పక్కన ఉప్పుకుండ పట్టుకుని కూర్చునే పని దక్కింది. చిహో డప్పు కొడితే మావాళ్ళు లేవాలి. అందరూ లేచేవారు, జూరో తప్ప.

"బాబాయ్, డప్పు మోగింది."

"విన్నాను."

"మరి లేవవేం?"

"ఒళ్ళు ఒప్పుకోలేదమ్మా. నలభై ఏళ్ళుగా దీనికి ఒకటే నేర్పాను."

"నువ్వు పీనుగువి కాదు బాబాయ్, లేచిన పీనుగువి."

"లేచిన పీనుగుకి పింఛను ఇస్తారా, కనుక్కో."

అందరూ నవ్వేవారు. రోజూ ఒకసారైనా జూరో లేవడం మరిచేవాడు, రోజూ నవ్వేవాళ్ళం. చివరికి అదొక అలవాటైపోయింది. జూరో లేవకపోతే, అదిగో మళ్ళీ చచ్చాడు అనుకోవడం తప్ప ఇంకో ఆలోచన ఎవరికీ రాకుండా పోయింది.

అతనికి ఇంకో అలవాటుంది. శవబండి ఎదురైతే కన్నవాళ్ళకు కీడు తగలకుండా మనమంతా బొటనవేళ్ళు పిడికిట్లో దాచుకుంటాం గదా. జూరో చచ్చిన వేషంలో కూడా అలాగే దాచుకునేవాడు. కన్నవాళ్ళు పోయి ఎన్నేళ్ళయినా మానలేదు. కెమెరాకు అందదు గనక ఎవరూ పట్టించుకోలేదు. పక్కన చచ్చే చిహోకే అది రోజూ కనిపించేది.

జాంబీలకు కుళ్ళిన పళ్ళ దవడ ఒకటి నోట్లో బిగిస్తారు. జూరోకి సొంత పళ్ళు లేవు. కట్టుడు పళ్ళు తీసేసి, ఆ ఉత్త చిగుళ్ళమీదే దవడ పెట్టారు. "పళ్ళు లేనోడికి కుళ్ళిన పళ్ళు, తలకాయ లేనోడికి తలపాగా" అని దాన్ని నాలుకతో అటూ ఇటూ ఆడించి చూపించేవాడు.

డిసెంబరులో ఆ రోజు వచ్చింది. పొద్దున్నే పూజారి వచ్చి మెట్లకు శుద్ధి చేసి వెళ్ళాడు. స్టూడియో అంతా రక్తం కోసం కాచిన తీపిపాకం వాసన. మూడంతస్తుల కొయ్యమెట్లు, పైన సన్నటి వసారా. వసారాలో చిహో, కోట సేనాపతి పీనుగు వేషంలో, వీపుకు తీగ తగిలించుకుని నిలబడింది. డప్పు కొట్టే పని కెమెరా పక్కనున్నవాడికి అప్పగించింది. చివర్న హీరో ఆమెను నరకాలి. కత్తి ఆమె మెడమీదికి దిగగానే తాళ్ళవాళ్ళు మెట్లు వదిలెయ్యాలి. ఆలోగా మెట్లమీదివాళ్ళంతా పైకెక్కి తప్పుకోవాలి. జూరో చోటు నడిమి మలుపులో, సరిగ్గా కూలే మెట్లమీద.

"బాబాయ్, ఇవాళొక్కరోజు లే" అని పైనుంచి అరిచింది చిహో.

"ఇవాళ లేవకపోతే నన్ను సోయాగింజల్లో వేసి రుబ్బుతుంది మీ అమ్మ" అన్నాడు జూరో.

కెమెరా తిరిగింది. పెద్ద పంకాలు కాగితపు మంచును ఎగరేశాయి. హీరో మొదటి మెట్టెక్కాడు. మావాళ్ళు ఎంత బాగా పడ్డారో చెప్పడానికి నా చదువు చాలదు. ఒకడి మెడనుంచి లేచిన రక్తం గొడుగు ఇంకా గాల్లో ఉండగానే రెండోవాడు దానికిందినుంచి దూసుకొచ్చేవాడు. నరికిన చెయ్యి మెట్లమీద దొర్లుతుంటే మొండెం దాన్ని వెతుక్కుంటూ దిగేది. హీరో మలుపు చేరాడు. జూరో కత్తెత్తి ఎదురొచ్చాడు, దెబ్బ తిన్నాడు, వెన్ను విరిచి పడ్డాడు. పాతకాలపు పడటం. నా పక్కనున్న మేకప్పామె చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది.

డప్పు మోగింది. కిందివాళ్ళు నడుం ముందు పెట్టి లేచారు. మలుపులోవాళ్ళు లేచారు. జూరో లేవలేదు.

"ముసలాయన మళ్ళీ మరిచాడు" అని గొణిగాడు నెగిషి. కబురాగి, కెమెరా చూసేదాన్ని చూపించే చిన్న తెరమీదనుంచి కళ్ళు తిప్పకుండా, పర్లేదు, కానివ్వండి అని చెయ్యూపాడు. ఒక పీనుగు పీనుగులాగే ఉంటే తప్పేముంది. లేచినవాళ్ళు అతణ్ణి దాటుకుంటూ పైకెక్కారు. హీరో వాళ్ళను రెండోసారి నరికాడు, వాళ్ళు పైమెట్లమీద పడ్డారు. ఇంకొక్క డప్పు, అందరూ లేచి తప్పుకోవడం, ఆ తరవాత చిహో మెడ. అంతే మిగిలింది.

చిహో పైనుంచి కిందికి చూసింది. జూరో చెయ్యి వెల్లకిలా ఉంది. బొటనవేలు బయట ఉంది.

"కట్" అని అరిచింది.

ఎవరూ కదల్లేదు. కదలరు కూడా. అది డైరెక్టరు గొంతు కాదు. మావాళ్ళంతా మెట్లమీద, నేర్చుకున్న విద్య ప్రకారం, రెప్ప కదపకుండా పడి ఉన్నారు. పంకాల హోరులో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కబురాగికి అది పీనుగు పెట్టిన కేకలా వినబడింది. బావుంది అన్నట్టు తలాడించాడు. హీరోకీ అలాగే అనిపించింది. కత్తెత్తి వసారా వైపు రెండు మెట్లు ఎక్కాడు. తాళ్ళవాళ్ళు అతని కత్తినే చూస్తున్నారు.

చిహో మళ్ళీ అరిచింది. మళ్ళీ ఎవరూ కదల్లేదు. హీరో వసారా చేరుకున్నాడు.

ఆమె వీపు వెనక్కి చెయ్యి పెట్టి తీగ విప్పేసింది. హీరో కత్తి దిగాల్సిన చోట మెడ లేకుండా పోయింది. అతను కత్తి గాల్లోనే పట్టుకుని నిలబడిపోయాడు. ఆమె వసారామీదనుంచి నడిమి మలుపులోకి దూకింది. నేల విడిచి సాము చెయ్యొద్దని మావాళ్ళకు జీవితమంతా చెప్పాను. ఆమె పడ్డ చప్పుడులో కొయ్య చప్పుడు ఒకటి, ఎముక చప్పుడు ఒకటి వేరువేరుగా వినబడ్డాయి నాకు.

పాక్కుంటూ జూరోని చేరి, నోరు తెరిచి వేళ్ళు లోపలికి పెట్టింది. దవడ గొంతులోకి జారింది. అందడం లేదు. అతణ్ణి బోర్లా తిప్పి ఎత్తాలి. ఆమె కాలు ఒకటి విరిగింది, జూరో బరువైన మనిషి. చుట్టూ చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఇంతమంది మగవాళ్ళు, అందరూ పీనుగులే.

అప్పుడు నావైపు తిరిగింది. "గురువుగారూ, ఉప్పు."

నేను గుప్పెళ్ళతో చల్లలేదు. కుండ ఎత్తి మెట్లమీదికి విసిరాను. మలుపు దగ్గర పగిలింది. ఉప్పు కాగితపు మంచుతో కలిసి మొహాలమీద రాలింది. పీనుగు వేషానికి తెల్ల అద్దాలు పెట్టిన కళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఈసారి ఎవరూ నడుం ముందు పెట్టి లేవలేదు. మనుషులు లేచినట్టు లేచారు. జూరోని కాళ్ళు పైకి, తల కిందికి చేసి పట్టుకున్నారు. చిహో వేళ్ళు మొదళ్ళదాకా లోపలికి పోయి, కుళ్ళిన పళ్ళ దవడతో బయటికొచ్చాయి. జూరో ఒంట్లోకి గాలి వెళ్ళిన చప్పుడు పంకాల హోరుమీదుగా నాకు వినబడింది.

అంతమంది ఒక్కచోట నిలబడేసరికి కోసి పెట్టిన మెట్లు మూలిగాయి. అతణ్ణీ ఆమెనూ చేతులమీదుగా దింపారు. చివరివాడి కాలు నేలమీద పడగానే మెట్లు వాటంతటవే కూలాయి. ఏ కెమెరా చూడాల్సిన వైపు చూడటం లేదు. దుమ్ము సద్దుమణిగాక నెగిషి, "టేకు పోయింది" అన్నాడు. ఆ ఒక్కమాటే అన్నాడు.

నేను వెళ్ళేసరికి ఆసుపత్రిలో ఇద్దరివీ పక్కపక్క గదులు. జూరో చక్రాల కుర్చీలో వచ్చి ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

"నలభై ఏళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ చావలేదని అందరూ అనుకున్నారంటగా" అన్నాడు గొంతు బొంగురుగా.

"చెత్త చావు బాబాయ్. బొటనవేలు బయటపెట్టి ఎవరైనా చస్తారా?"

జూరో తన చెయ్యి చూసుకున్నాడు. వేలు మెల్లగా లోపలికి మడిచాడు.

చిహో చీలమండలో ఇనుప చీలలు వేశారు. ఆ గందరగోళంలో ఆమెమీద ఉప్పు పడనే లేదని గుర్తొచ్చి చిన్న పొట్లం తీసుకెళ్ళాను. విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దండి. నా పీనుగు ఇంకా పడలేదు. సీను మిగిలే ఉంది."

"అమ్మాయ్, నెగిషి మళ్ళీ మెట్లు కట్టిస్తున్నాడు. టోక్యోనుంచి మనిషి వస్తున్నాడు" అన్నాను.

దుప్పటిమీద ఆమె వేళ్ళు మెట్లు ఎక్కడం మొదలెట్టాయి, సగంలో ఆగిపోయాయి.

కొత్త సంవత్సరం పోయాక మెట్లు లేచాయి. టోక్యో మనిషి కుర్రవాడు, గాల్లో రెండు పల్టీలు కొట్టగలవాడు. మావాళ్ళతో మర్యాదగానే మాట్లాడాడు. అతను చెప్పిన చోటల్లా మావాళ్ళు నిలబడ్డారు, కొట్టమంటే కొట్టారు, పడమంటే పడ్డారు. ఎంత బాగా పడ్డారంటే ఆ కుర్రవాడు వంగి దణ్ణం పెట్టాడు. తరవాత డప్పు కొట్టాడు.

ఎవరూ లేవలేదు.

మళ్ళీ కొట్టాడు. నెగిషి మెట్ల దగ్గరికి వచ్చాడు. "ఏంటిది? లేవండి."

"మాకు లేవడం రాదండి" అన్నాడు జూరో, కళ్ళు మూసుకునే. ఆసుపత్రినుంచి వచ్చి వారం కాలేదు. వద్దన్నా వినకుండా నడిమి మలుపులో తన చోటుకు పోయి పడుకున్నాడు.

"మొన్నటిదాకా లేచారుగా?"

"అప్పుడు లేపినావిడ వేరండి. మేం చచ్చేవాళ్ళం. చావమంటే ఎన్నిసార్లయినా చస్తాం. లేపడం ఆవిడ పని."

నెగిషి నావైపు తిరిగాడు. "మీరు పెద్దవారు, మీరైనా చెప్పండి. ఉప్పు చల్లండి పోనీ."

"చల్లొచ్చు" అన్నాను. "కాని ఉప్పు పడితే మావాళ్ళు లేచి ఇళ్ళకు పోతారు. చూసుకోండి."

కబురాగి అంతసేపూ తెర ముందు కూర్చుని ఉన్నాడు. లేచి మెట్లెక్కాడు. నల్లకళ్ళద్దాలు జేబులో పెట్టుకుని, జూరో పక్కన ఉన్న ఖాళీలో, చిహో దూకి పడ్డచోట వెల్లకిలా పడుకున్నాడు. చాలాసేపు పైన వసారా వైపు చూశాడు.

"బొటనవేలు" అన్నాడు జూరో.

కబురాగి బొటనవేళ్ళు దాచుకున్నాడు. ఆ తరవాత పడుకునే, "నెగిషిగారూ, ఈ మెట్లు కొయ్యకండి. అలాగే ఉంచండి. ముందు మిగతా సీన్లు తీసుకుంటాను. ఈ సీను ఆవిడదే, పేరూ ఆవిడదే" అన్నాడు.

"ఆవిడ నడవకపోతే?"

"డాక్టర్నడగండి."

నెగిషి అక్కడే నిలబడి ఆసుపత్రికి ఫోను చేశాడు. మెట్లమీద ఉన్నవాళ్ళెవరూ కళ్ళు తెరవలేదు గాని ఊపిరి తీయడం మాత్రం మానేశారు. అవతలివాళ్ళు చెప్పింది విని, ఒకసారి మెట్లనిండా పరుచుకున్న పీనుగుల్ని చూసి, తేదీ పైకి అన్నాడు. తరవాత నేను ఉప్పు చల్లాను.

చిహోకి చేతికర్ర తీసేశారు. ట్రాము స్టేషను మెట్లు రోజూ పొద్దున ఎక్కి దిగుతోంది, జూరో కింద నిలబడి డప్పుకు బదులు చప్పట్లు కొడుతున్నాడు. మీలో చాలామంది చూసే ఉంటారు. కొత్త ఉప్పుకుండ కొన్నాను, నింపి పెట్టాను. సాము కూర్చినవారు సుజిమురా చిహో, స్టూడియోలో ఆ మెట్ల దగ్గరికి తిరిగి వచ్చేది మార్చి పదిహేడు, మంగళవారం.